తూము మీది పలక

ఒక ఊళ్ళో పెద్ద చెరువు ఉండేది. దాని కింద ఊరి ఆయకట్టంతా పండేది. ఏ మడికి ఎప్పుడు ఎంత నీళ్ళు వదలాలో చూసుకునే పని తరతరాలుగా ఒక నీరటి కుటుంబానిది. ఆ కుటుంబంలో మిగిలిన ముసలాయనకు చూపు మందగించింది, మోకాళ్ళు కట్ట ఎక్కనివ్వడం లేదు. కొడుకులు పట్నం పోయి అక్కడే స్థిరపడ్డారు. ఊరి పటేలు నలుగురినీ విచారించి, చివరికి ఎక్కడో దూరదేశం నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపించాడు.

ఆ కుర్రాడు మామూలువాడు కాదు. పగలూ రాత్రీ పని చేసినా అలసట ఎరగడు. చెప్పిన మాట కాదనడు. ఏ లిపిలో రాసినా గడగడా చదువుతాడు. అయితే ఆ ఊరి సంగతి అతనికి ఒక్కటీ తెలియదు. పైగా తెల్లారి నిద్ర లేచేసరికి నిన్న జరిగింది గుర్తుండదు. అందుకని పట్వారీ ఒక ఉపాయం చెప్పాడు: చెరువు దగ్గర చెయ్యి వేయాల్సిన ప్రతిదాని పక్కనా ఒక చెక్క పలక పాతిద్దాం, కుర్రాడు రోజూ పొద్దున పలకలు చదువుకుని పనిలోకి దిగుతాడు.

చెరువుకు మూడు తూములు. పట్వారీకి ఆ రోజు జమాబందీ లెక్కల తొందర ఉంది. ఒక్క పూటలో మూడు పలకలూ రాసేశాడు. తూర్పు తూము దగ్గర “తూము. నీళ్ళు వదలడానికి” అని రాశాడు. పడమటి తూము దగ్గరా అదే మాట. కట్ట నడుమ, అన్నిటికంటే లోతున ఉన్న తూము దగ్గర “అడుగు తూము. చెరువు బాగోగులకు” అని రాశాడు. ఆ అడుగు తూమును ఏళ్ళకొకసారి, పూడిక తీసే ముందు చెరువు ఖాళీ చేయడానికే తీస్తారని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. అందరికీ తెలిసింది మళ్ళీ రాయడం దేనికి అనుకున్నాడు పట్వారీ.

నాట్లు అప్పుడే పడ్డాయి. పటేలు పొద్దున్నే కట్ట మీదికి వచ్చాడు.

“పిలగా, చెరువు సంగతి జర చూడు. ఊరవతలి మడికి నీళ్ళు అందుతలేవట.”

“సరే పటేలా.”

కుర్రాడు పలకలు చదివాడు. రెండింటి మీద ఒకే మాట ఉంది. ఏది ఏ మడికో లేదు. మూడోదాని మీద చెరువు బాగోగులకు అని ఉంది. పటేలు చూడమన్నది చెరువు సంగతే కదా అని కుర్రాడు అడుగు తూము మూత పట్టుకుని బలమంతా పెట్టి పైకి లాగాడు. ఎంతసేపు తీసి ఉంచాలో పలక మీద లేదు కాబట్టి అలాగే వదిలేసి ఇంకో పనికి వెళ్ళిపోయాడు.

తెల్లారేసరికి చేపలు బురదలో ఎగిరెగిరి పడుతున్నాయి. చెరువు నీళ్ళన్నీ వాగులో కలిసి ఊరు దాటిపోయాయి. నాటిన నారు కళ్ళముందే వాడిపోయింది. రైతులు కట్ట మీద తలలు పట్టుకుని కూచున్నారు.

“వీన్ని ఎల్లగొట్టాలె పటేలా,” అన్నాడు పట్వారీ. “చదువొస్తది గని బుద్ధి లేదు.”

ముసలి నీరటి మనవరాలి భుజం పట్టుకుని మెల్లగా వచ్చాడు. కుర్రాణ్ణి దగ్గరికి పిలిచాడు.

“పలక చదువు బిడ్డా.”

కుర్రాడు చదివాడు.

“తీస్తే చెరువు ఖాళీ అయితదని అండ్ల ఉన్నదా?”

“లేదు తాతా.”

“పంటకు ఇది కాదని ఉన్నదా? తీసేముందు ఎవరినన్న అడుగుమని ఉన్నదా?”

“లేదు తాతా. ఉంటే అడిగేటోణ్ణే.”

ముసలాయన పట్వారీ వైపు తిరిగాడు. “అయ్యా, ఈ సంగతి నాకు ఎరికె, మీకు ఎరికె, ఊరందరికీ ఎరికె. ఎరిక లేనిది ఈ పిలగానికి ఒక్కనికే. మరి పలక పెట్టుకున్నది మన కోసమా, ఈని కోసమా?”

పట్వారీ నొచ్చుకున్నాడు గానీ మంచి మనిషి. తప్పు దిద్దాలని పాత పలకలు పీకించి నిలువెత్తు పలకలు చేయించాడు. కట్ట ఎవరు కట్టించారు, ఏ ఏడు గండి పడింది, తూముకు రాళ్ళు ఎక్కడినుంచి తెచ్చారు, అన్నీ రాశాడు. అసలు సంగతి ఎక్కడో చివరి వరుసల్లో పడింది. ఇక మీదట ఏ పొరపాటూ జరగకూడదని మూడు తూములకూ, నీటిమట్టం చూసుకునే రాయికి కూడా, ఎర్ర రంగుతో “జాగ్రత్త! ప్రమాదం!” అని రాయించాడు.

మరుసటి ఏడు వానలు కురిసి చెరువు నిండింది. కుర్రాడు పొద్దున్నే పలకలు చదవడం మొదలుపెడితే ఎండ నడినెత్తికి వచ్చేది. చదవడం అయ్యాక దేనిమీద చెయ్యి వేయాలన్నా ప్రమాదమనే ఉండేది. నీటిమట్టం చూడటానికి కూడా పటేలు ఇంటికి పోయి అనుమతి అడిగేవాడు. రోజుకు పది సార్లు “సరే” అనీ అనీ పటేలుకు విసుగొచ్చి, ఏమడుగుతున్నాడో వినకుండానే తలాడించడం మొదలుపెట్టాడు. చెరువు నిండుగానే ఉంది, తూర్పు మడులు మాత్రం బీటలు వారాయి.

అప్పుడు పటేలే ముసలాయన ఇంటికి వెళ్ళాడు. “నువ్వు చెప్పు పెద్దాయనా, పట్వారీ రాస్తడు.”

అలా రాసిన పలకల్లో అడుగు తూముది ఇది:

“అడుగు తూము. చెరువు మొత్తం ఖాళీ చేస్తుంది. పోయిన నీళ్ళు మళ్ళీ వానలు పడేదాకా రావు. ఎండాకాలంలో పూడిక తీసే ముందు మాత్రమే తీయాలి. పంటకు నీళ్ళు కావాలంటే ఇది కాదు. తూర్పు మడులకు తూర్పు తూము, పడమటి మడులకు పడమటి తూము. తీసే ముందు పటేలుకు ‘చెరువు ఖాళీ అవుతుంది’ అని చెప్పి, ఆయన అవునన్నాకే మూత ముట్టాలి.”

తూర్పు తూముది ఇది:

“తూర్పు తూము. తూర్పు కాలువ కింది మడులకు నీళ్ళు ఇస్తుంది. మడి పేరు చాలదు, సర్వే నంబరు అడగాలి. ఊరవతలి మడి అనేవి ఈ ఊళ్ళో మూడున్నాయి. మూత ఎన్ని జానలు ఎత్తాలో తెలియాలి. చెప్పకపోతే ఎత్తకుండా అడగాలి. కాలువ చివరి రాయి తడిస్తే నీళ్ళు చేరినట్టు, అప్పుడు దించాలి. రాయి తడవకపోతే ఇంకా ఎత్తవద్దు. కాలువలో ఏదో అడ్డం పడి ఉంటుంది, పోయి చూడాలి.”

నీటిమట్టం రాయికి ఒక్క ముక్కే: “చూడటానికి మాత్రమే. ఎన్నిసార్లయినా చూడవచ్చు.”

ముసలాయన అక్కడితో ఆగలేదు. పలకలు పాతే ముందు, ఊళ్ళోకి గాజులమ్ముకోవడానికి వచ్చిన ఒకామెను కూచోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఆమె ఎన్నడూ ఆ చెరువు ముఖం చూసింది కాదు. పట్వారీతో పలకలు ఆమెకు చదివి వినిపించి, “అక్కా, పడమటి మడి ఎండుతున్నదంటే నువ్వు ఏం చేస్తవు?” అని అడిగాడు. ఆమె చెప్పింది సరిపోతే పలక ఉంచాడు, తడబడితే అక్కడ ఏ మాట లేకపోయిందో చూసి రాయించాడు. ఆ ఏడాది కుర్రాడు ఒక్క మడినీ ఎండనివ్వలేదు.

నీతి: పని చేసేవాడికి కనిపించేది పలక ఒక్కటే అయినప్పుడు, రాసేవాడి తలలో ఉన్న ఎరికంతా పలక మీదికి రావాలి, అందులో పనికి అక్కరలేనిది రాకూడదు.

ఈ కథ చెప్పింది, క్లౌడ్‌లో ప్రాజెక్టులు చూసుకునే పని ఇప్పుడు అచ్చం అలాంటి కుర్రాడి చేతికి వస్తున్నది కాబట్టి. కొత్త ప్రాజెక్టు తెరవడం, సర్వర్లు లేపడం, అనుమతులు ఇవ్వడం, బిల్లు చూడటం, అక్కర తీరినవి తొలగించడం లాంటి పనులు మనిషి మామూలు మాటల్లో చెబితే చేసిపెట్టే ఏఐ ఏజెంట్లు వచ్చాయి. వాటికి టూళ్ళను అందించే పద్ధతుల్లో బాగా వాడుకలోకి వచ్చినది 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్. అందులో ఒక టూల్ గురించి మోడల్‌కు ముఖ్యంగా అందేవి టూల్ పేరు, మామూలు వాక్యాల్లో రాసిన వివరణ, ఏ ఏ విలువలు ఇవ్వాలో చెప్పే స్కీమా. టూల్ వెనక ఉన్న కోడ్ మోడల్‌కు కనబడదు. టీములో ఎవరి బల్ల దగ్గరికో వెళ్ళి అడిగే వీలు దానికి లేదు. ఆ కాస్త వివరణ చదివి, ఏ టూల్ పిలవాలో, ఏ విలువలతో పిలవాలో అప్పటికప్పుడు తేల్చుకుంటుంది. అందుకే ఆ వివరణను కోడ్ పైన రాసే కామెంటులా తేలిగ్గా చూడటం నాకు ఎప్పుడూ మింగుడు పడదు. కామెంటు లేకపోయినా కోడ్ నడుస్తుంది. టూల్ వివరణ తేడాగా ఉంటే ఏజెంటు నడక మారిపోతుంది.

ప్రాజెక్టును తొలగించే టూల్‌నే తీసుకుందాం. “ప్రాజెక్టును నిర్వహిస్తుంది” అనో, “ఇచ్చిన ప్రాజెక్టును తీసేస్తుంది” అనో రాసి వదిలేసినవి తరచూ కనబడతాయి. గూగుల్ క్లౌడ్‌లో ఒక ప్రాజెక్టుకు మూడు గుర్తులుంటాయి. పేరు మనుషులు చదువుకోవడానికి. రెండు ప్రాజెక్టులకు ఒకే పేరు ఉండవచ్చు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ప్రాజెక్ట్ ఐడీ 6 నుంచి 30 అక్షరాల దాకా ఉంటుంది, ప్రపంచంలో అలాంటిది ఇంకొకటి ఉండదు, ఒకసారి పెట్టాక మారదు. మూడోది గూగుల్ తనంతట తాను ఇచ్చే నంబరు. టూల్ అడిగే విలువకు “ప్రాజెక్ట్” అని మాత్రమే పేరు పెడితే ఏజెంటు ఈ మూడింట్లో ఏది ఇస్తుంది? వాడుకరి నోట వచ్చింది “బిల్లింగ్ టెస్ట్” అనే పేరు. ఆ పేరుతో రెండు ప్రాజెక్టులుంటే, ఒకదాని మీద నిజమైన ఖాతాదారులు పని చేసుకుంటూ ఉంటే, ఊరవతలి మడి గొడవే మళ్ళీ వస్తుంది. ఆ విలువకు ప్రాజెక్ట్ ఐడీ అని నేరుగా పేరు పెట్టి, “పేరు మాత్రమే తెలిస్తే ముందు ప్రాజెక్టుల జాబితా టూల్ పిలిచి ఐడీ తెలుసుకోవాలి, ఒకే పేరుతో రెండు కనబడితే వాడుకరిని అడగాలి” అని పక్కనే రాయాలి.

తొలగిస్తే ఏమవుతుందో కూడా అక్కడే ఉండాలి. గూగుల్ క్లౌడ్‌లో తొలగించిన ప్రాజెక్టును 30 రోజుల లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. అలాగని అందులో ఉన్నవన్నీ చెక్కుచెదరకుండా తిరిగొస్తాయన్న హామీ లేదు. ఆ ఐడీని మళ్ళీ ఎవరూ వాడుకోలేరు. ఇవి తెలిసిన ఏజెంటు “ఇది చేస్తే ఇంత జరుగుతుంది, చేయమంటారా?” అని సరిగ్గా అడగగలుగుతుంది. ఖర్చు తగ్గించడమే వాడుకరి కోరిక అయితే, తొలగించే బదులు సర్వర్లను ఆపే టూల్ చాలునని చెప్పే వాక్యం కూడా ఈ వివరణలోనే ఉండాలి. టూల్ ఎందుకు పనికివస్తుందో రాయడం అందరికీ అలవాటే. ఎప్పుడు వాడకూడదో రాసేవాళ్ళు తక్కువ, ఏజెంటుకు దారి చూపేది మాత్రం ఎక్కువగా ఆ వాక్యమే.

ఖాళీగా వదిలిన విలువ సంగతి ఇంకా పెద్దది. 2024 మే నెలలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను నిధి సంస్థ ప్రైవేట్ క్లౌడ్ ఒకటి ఉన్నట్టుండి మాయమైంది. ఆరు లక్షల మందికి పైగా సభ్యులున్న సంస్థ అది. సుమారు వారం పాటు వాళ్ళు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. కారణాన్ని గూగుల్ తర్వాత బహిరంగంగానే వివరించింది: ఆ సంస్థకు ప్రైవేట్ క్లౌడ్ ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ ఉద్యోగులు లోపల వాడుకునే ఒక టూల్‌లో ఒక విలువను ఖాళీగా వదిలేశారు. ఖాళీగా వదిలితే ఏడాది గడువు పడుతుందని, గడువు తీరగానే మొత్తం దానంతట అదే చెరిగిపోతుందని ఆ సమయంలో వాళ్ళకు తెలియదు. ఏడాది గడిచింది, చెరిగిపోయింది. వేరుగా భద్రపరిచిన బ్యాకప్‌లు ఉండబట్టి కోలుకున్నారు. అక్కడ టూల్ పట్టుకున్నది ఏఐ కాదు, అనుభవం ఉన్న మనుషులు. వాళ్ళకే కనబడనిది ఏజెంటుకు ఎలా కనబడుతుంది? అందుకని స్కీమాలో తప్పనిసరి కాని ప్రతి విలువ పక్కనా “ఇవ్వకపోతే ఏమవుతుంది” అన్న ముక్క ఉండి తీరాలి. ఇవ్వకపోవడం వల్ల నష్టం జరిగే చోట ఆ విలువను తప్పనిసరి చేయాలి. టూల్ వివరణల్లో నేను మొదట చూసేది ఇదే.

మన దగ్గరి ముచ్చట ఒకటి. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో తెరుచుకుంది. దాని కోడ్ ఏపీ-సౌత్-2. గూగుల్ క్లౌడ్‌లో ఏషియా-సౌత్2 అంటే ఢిల్లీ. ఒకటో నంబరు మాత్రం రెండింట్లోనూ ముంబైయే. రెండు కంపెనీల క్లౌడ్‌లనూ చూసుకునే ఏజెంటుకు “డేటా హైదరాబాదులోనే ఉంచు” అని చెబితే, రీజియన్ అనే విలువ పక్కన వట్టి కోడ్‌ల జాబితా తప్ప ఇంకేమీ లేకపోతే, గూగుల్ వైపు పనిలో సౌత్2 ఎంచుకుని హైదరాబాదే అనుకునే ప్రమాదం ఉంది. డేటా ఎక్కడ ఉండాలన్నది చట్టంతోనో ఒప్పందంతోనో ముడిపడిన చోట అది చిన్న తప్పు కాదు. ప్రతి కోడ్ పక్కనా నగరం పేరు, అడిగిన నగరం జాబితాలో లేకపోతే దగ్గరిది ఊహించకుండా చెప్పమన్న మాట ఉంటే ఈ చిక్కు మొదట్లోనే తెగుతుంది.

అలాగని ప్రతి టూల్‌కూ పేజీలకు పేజీలు రాస్తే పట్వారీ రెండోసారి చేసిన పని చేసినట్టే. టూల్ వివరణలన్నీ మోడల్ ముందుండే కాంటెక్స్ట్‌లో చోటు తింటాయి. ఒకేలాంటి టూళ్ళు ఎక్కువైన కొద్దీ ఎంపిక తడబడుతుంది. ప్రాజెక్టు చూడటానికి మూడు టూళ్ళుంటే ఒకటిగా కలపడం, మొదటి వాక్యంలోనే అసలు పని చెప్పడం, చరిత్రను డాక్యుమెంటేషన్‌కు వదిలేయడం మంచిది. హెచ్చరికలు నిజంగా వెనక్కి తిరగని పనులకే ఉండాలి. జాబితా చూపే టూల్‌కు కూడా అనుమతి అడిగిస్తే, మనుషులు చదవకుండానే ఓకే నొక్కడానికి అలవాటు పడతారు. ప్రోటోకాల్‌లోనే ఇది చదవడానికి మాత్రమే, ఇది చెరిపే పని, ఇది ఎన్నిసార్లు చేసినా ఫలితం మారదు అని తెలిపే సూచికలు ఉన్నాయి. వాటిని నిజాయితీగా నింపితే ఎక్కడ ఆపి అడగాలో ఏజెంటును నడిపే సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది.

అవి సూచికలు మాత్రమేనన్నది మరిచిపోకూడదు. ఎంత చక్కగా రాసిన వివరణైనా తాళం కాదు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 సేవ అమెరికా తూర్పు రీజియన్‌లో గంటల తరబడి పడిపోయింది. కొన్ని సర్వర్లను తీయడానికి ఇచ్చిన కమాండులో ఒక విలువ తప్పు పడి, అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు పోయాయి. తర్వాత అమెజాన్ ఆ టూల్‌నే మార్చింది: సర్వర్లను నెమ్మదిగా మాత్రమే తీసేలా, ఉండాల్సిన కనీసానికి దిగువకు పోనివ్వకుండా అడ్డం పెట్టింది. ఏజెంటుకు ఇచ్చే అనుమతులకూ ఇదే పద్ధతి కావాలి. ముఖ్యమైన ప్రాజెక్టును తొలగించే హక్కు ఏజెంటు ఖాతాకు ఇవ్వకుండా ఉండటమే మొదటి రక్షణ. గూగుల్ క్లౌడ్‌లో ప్రాజెక్టు మీద లీన్ అనే అడ్డు పెడితే, దాన్ని ఎత్తేసేదాకా ఎవరూ తొలగించలేరు. అలాంటి చోట వివరణ చేయాల్సిన పని, లీన్ వల్ల తొలగింపు ఆగితే దాన్ని ఎత్తేసే దారి వెతకకుండా వాడుకరికి చెప్పమనడం. తిరిగొచ్చే ఎర్రర్ సందేశంలో కూడా “అనుమతి లేదు” అన్న రెండు మాటలతో సరిపెట్టకుండా, ఏ అనుమతి లేదో, ఎవరిని అడగాలో చెబితే ఏజెంటు అదే పిలుపును మళ్ళీ మళ్ళీ చేస్తూ కూచోదు.

కథలో గాజులామెకు పెట్టిన పరీక్షను కూడా చేసి తీరాలి. వాడుకరులు నిజంగా అనే మాటలనే ప్రశ్నలుగా రాసి పెట్టుకోవాలి: “ఆ పాత ప్రాజెక్టు ఇక అక్కర్లేదు”, “ఈ నెల బిల్లు ఎందుకింత వచ్చింది, తగ్గించు”, “హైదరాబాదులో ఒక సర్వర్ పెట్టు”. ప్రతి ప్రశ్నకూ ఏజెంటు ఏ టూల్ ఎంచుకుందో, ఏ విలువలు ఇచ్చిందో, ఎక్కడ అడగాల్సింది అడగకుండా పోయిందో పరీక్ష కోసం పెట్టిన ప్రాజెక్టులో చూడాలి. తప్పు జరిగిన చోట ముందు వివరణే తిరగరాయాలి. ఇది ఒక్కసారితో అయిపోయేది కాదు. కోడ్‌లో ఒక విలువకు అర్థం మారితే వివరణ మార్పు కూడా అదే రివ్యూలో వెళ్ళాలి. మోడల్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడు ఈ ప్రశ్నలన్నీ మళ్ళీ నడపాలి. క్లౌడ్ కంపెనీ ఇంకో నగరంలో రీజియన్ తెరిస్తే మన జాబితాలో ఆ పేరు చేర్చాల్సింది ఎవరో టీములో ముందుగానే తేల్చుకుని ఉండాలి.